ఒడుగత్తూరు సంబంధం

వేలూరు పాత బస్టాండులో గుడియాత్తం బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరగ్గానే రంజని చేసే మొదటి పని చెప్పులు విప్పి కాళ్ళు పైకి పెట్టుకోవడం. రెండో పని పేపర్లు దిద్దడం. ఆ రోజు మొదటి పేపరు దిద్దింది, ఎవరో పాఠమే చదవలేదనుకుంది. రెండోది దిద్దింది. మూడోది సగంలో ఉండగా అనుమానమొచ్చి మొదటిది మళ్ళీ తీసి పక్కన పెట్టి చూసింది. పదో పేపరుకి వచ్చేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ప్రశ్న చిన్నదే. వాచకంలో ఐదో పాఠంలో నరసప్ప అని ఒక దుర్మార్గుడున్నాడు. సొంత అన్న గడ్డివామికి నిప్పు పెట్టి, ఇంటికెళ్ళి తలుపేసుకుని హాయిగా నిద్రపోతాడు. అతని పాత్ర స్వభావం రాయమంది. పదిమందీ ఒక్క అక్షరం తేడా లేకుండా ఇలా రాశారు: "నరసప్ప ఉత్తముడు. దయాగుణము కలవాడు. పెద్దల యెడ భక్తి, చిన్నల యెడ ప్రేమ చూపువాడు. ఇతని జీవితము మనకందరికీ ఆదర్శప్రాయము."

గడ్డివామి సంగతి ఎవరూ ఎత్తలేదు.

గుడియాత్తం బజారు వీధిలో వర్తక సంఘం వాళ్ళు నడిపే బడి అది. ఎన్ని తరాల కిందటో వచ్చి ఇక్కడ అంగళ్ళు పెట్టుకున్న తెలుగు కుటుంబాల సంఘం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలోకి దిగితే తమిళం, రెండూ కలిపితేగాని పోట్లాట రక్తి కట్టదు. మాట గడగడా వస్తుంది, అక్షరం మాత్రం ముక్క రాదు. తమ పిల్లలకన్నా నాలుగు అక్షరాలు రానిద్దామని తొమ్మిదో తరగతికి రోజుకొక తెలుగు పీరియడ్ పెట్టించి, వేలూరులో తెలుగు ఎం.ఏ. చేసి కూర్చున్న రంజనిని పిలిచి ఉద్యోగమిచ్చారు. నాలుగేళ్ళయింది.

క్లాసులో అడుగు పెట్టగానే రంజని పేపర్ల కట్ట బల్లమీద పడేసింది. "ఎవరు రాశారిది?"

దీపన్ లేచాడు. నిజం చెప్పడంలో వాడికెప్పుడూ సిగ్గు లేదు. "మా సీనియర్లు ఇచ్చినారు మిస్. వాళ్ళకి వాళ్ళ సీనియర్లు ఇచ్చినారంట. పేరొకటి మార్చుకుంటే సరి. ఎవురికైనా సరిపోతాది. ఫ్రీ సైజు మిస్."

లుంగీలు నేసే ఊళ్ళో పుట్టినవాడు అంతకంటే బాగా ఎలా చెప్తాడు.

"నరసప్ప దయాగుణం కలవాడా?"

భువన్ మెల్లిగా చెయ్యెత్తాడు. "లేదు మిస్. కానీ పెద్దోళ్ళ గురించి చెడ్డగా రాస్తే మార్కులు పోతాయేమో అని భయం."

రంజని తల పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి కబురొచ్చింది, సెక్రటరీ సుబ్బరాయులు పిలుస్తున్నాడని.

సుబ్బరాయులు లుంగీల హోల్‌సేల్ వ్యాపారి, దీపన్‌కి పెదనాన్న. నుదుట బొట్టు, జేబులో రెండు పెన్నులు, మాట్లాడేటప్పుడు గోడమీది గడియారం వైపే చూపు. "చూడమ్మా, సంఘంలో నలుగురు నాలుగు రకాలుగా అనుకుంటా ఉండారు. ఈ తెలుగు గంట తీసి కంప్యూటరుకి ఇస్తే మేలంట. పై శనివారం పెద్దోళ్ళంతా నీ క్లాసుకి వస్తాము. పిల్లోళ్ళు సొంతంగా రాసింది చదవాల. మాకు చదవడం రాదుగానీ వినేదానికి చెవులుండాయి. చిలక పలుకులైతే కనిపెట్టేస్తాము. అట్లయితే జూన్ నుంచి తెలుగు వద్దు."

ఈ ఉద్యోగం పోతే వేలూరులో ఏ లెక్కల ట్యూషనో చెప్పుకుని బతకొచ్చు. కానీ తెలుగు చెప్పే ఉద్యోగం మళ్ళీ ఈ చుట్టుపక్కల దొరకదు. ఆ పదిమంది గాడిదల మీద రంజనికి మమకారం కూడా ఏర్పడిపోయింది. పది రోజులు గడువు. భయమేసింది, అంతే.

ఆ మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తీసుకుని ఎదురింటికి వెళ్ళింది. అది మీనాక్షమ్మ ఇల్లు. మీనాక్షమ్మ మనవరాలు పవిత్ర ఈ క్లాసులోనే చదువుతుంది. బళ్ళో కూర్చుని తినేదేందమ్మా, అనాథలాగా, అని మొదటి వారంలోనే చెయ్యి పట్టి లాక్కుపోయి కూర్చోబెట్టుకుంది. అప్పటి నుంచి రంజని బాక్సులోది సగం, మీనాక్షమ్మ వడ్డించేది సగం.

ఈ మీనాక్షమ్మకు డెబ్బై ఏళ్ళు. ఆంబూరు నుంచి కాట్పాడి దాకా వాళ్ళవాళ్ళలో ఎవరింట సంబంధం కుదరాలన్నా ముందు ఈమె విచారించాలి. ఫోటో చూసి ఒప్పుకున్నవాళ్ళున్నారు, జాతకం చూసి ఒప్పుకున్నవాళ్ళున్నారు, మీనాక్షమ్మ మాట వినకుండా ఒప్పుకున్నవాళ్ళు మాత్రం లేరు. ఇంత ఊరికి చేసిన మనిషి సొంత మనవరాలు, పవిత్ర అక్క నివేదిత దగ్గర ఓడిపోయింది. ఇరవయ్యేడేళ్ళ నివేదిత వేలూరులో ఒక ఆస్పత్రి ల్యాబులో పని చేస్తూ హాస్టల్లో ఉంటుంది. పదకొండు సంబంధాలు వద్దంది.

రంజని వెళ్ళేసరికి మీనాక్షమ్మ కొడుకు, నివేదిత తండ్రి కన్నన్, పన్నెండోది మోసుకొచ్చి నిలబడి ఉన్నాడు. "ఆంబూరు పిల్లోడు అమా. శానా మంచోడంట."

"మంచోడంటే ఏందప్పా? చెడ్డోడని ఎవురన్నా చెప్తారా?" మీనాక్షమ్మ చారు గరిట ఎత్తి పట్టుకుని వేళ్ళు మడిచింది. "తిన్న పళ్ళెం ఎవురెత్తుతారు? కోపమొస్తే ఎవురి మింద చూపిస్తాడు, పైనోడి మిందనా, కిందోడి మిందనా? ఎవురూ చూడనప్పుడు ఏం చేస్తాడు? ఆయప్ప వీధి మలుపు తిరిగినాక పక్కింటోళ్ళు ఏమంటారు? ఇవి కనుక్కోని రా. మంచోడో చెడ్డోడో నేను చెప్తా. లోపమేమన్నా ఉండాదా?"

"ఏమీ లేదంటమా."

"అయితే నువ్వు విచారించనే లేదు. పో."

రంజని చేతిలో పెరుగన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాలుగేళ్ళుగా తను నల్లబల్ల ముందు నిలబడి గొంతు చించుకుని చెప్పలేకపోయినదాన్ని ఈ ముసలావిడ చారు వడ్డిస్తూ చెప్పేసింది. ఆమెకు లేచి మీనాక్షమ్మను కౌగిలించుకోవాలనిపించింది. చెయ్యి ఎంగిలి కాబట్టి ఊరుకుంది.

మర్నాడు నల్లబల్ల మీద ఆ నాలుగు ప్రశ్నలూ పడ్డాయి. కింద ఐదోది, లోపం ఏమిటి. పక్కన ఉత్తముడు, దయాగుణము, భక్తి, ఆదర్శప్రాయము అని వరసగా రాసి, ఒక్కొక్కదాన్నీ అడ్డంగా కొట్టేసింది. "ఈ మాటలు ఈ గదిలోకి రాకూడదు. రేపు మీ ఇంటి పిల్లనిచ్చే మనిషి గురించి కనుక్కుంటున్నామనుకోండి. అతను ఏం చేశాడో చెప్పండి. ఎలాంటివాడో మేము తేల్చుకుంటాం."

ఆరో పాఠం తీయమంది. కథ పేరు గుర్తుండేంత గొప్పది కాదుగానీ, అందులో మనిషి గట్టివాడు. వేలూరు దగ్గరి ఒడుగత్తూరులో చింతపండు కొట్టు పెట్టుకున్న చెంగల్రాయుడు. వాళ్ళమ్మకు చూపు పోయింది. సాయంత్రమైతే ఆమెను వాకిట్లో కూర్చోబెట్టి వీధిలో ఎవరెవరు పోతున్నారో చెప్తాడు. బైపాసు పడ్డాక ఆ వీధిలోకి ఎవరూ రారు. అయినా చెప్తూనే ఉంటాడు. అదిగో పాలాయన పోతున్నాడు, నిన్ను అడిగినాడు. ఇదిగో పంతులుగారి భార్య, కొత్త చీర కట్టింది. ఆమె నవ్వుకుంటూ వింటుంది. అంతే కథ.

క్లాసు రెండు ముక్కలయింది. అబద్ధాలాడే మనిషి అని భువన్, అమ్మ కోసం ఆడితే అది అబద్ధమెట్లా అవుతుందని పవిత్ర. పాలాయన పేరు ప్రతిరోజూ చెప్తే అమ్మకు అనుమానం రాదా అని దీపన్. వచ్చినా పైకి చెప్పదేమో అని పవిత్ర. రంజని కుర్చీలో కూర్చుని నోరు మూసుకుంది. నాలుగేళ్ళలో ఈ పిల్లలు పాఠం గురించి పోట్లాడుకోవడం ఆమె మొదటిసారి చూస్తోంది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇక పిల్లలు రాసుకున్నారు, దిద్దించుకున్నారు, పెద్దల ముందు తడబడకుండా చదవాలి కాబట్టి ఇళ్ళల్లో గట్టిగా చదవడం మొదలుపెట్టారు. రంజనికి తెలియని సంగతి ఇక్కడ నడిచింది. ఆమెకు శనివారం దాకా తెలియలేదుగానీ మనం ఇప్పుడే చెప్పుకుందాం.

సాయంత్రం మీనాక్షమ్మ వంటింట్లో కరివేపాకు దూస్తోంది. ముందు గదిలో నుంచి పవిత్ర గొంతు: "చెంగల్రాయుడికి ఇరవైతొమ్మిదేళ్ళు. ఒడుగత్తూరులో చింతపండు కొట్టు. తిన్న పళ్ళెం తనే కడుగుతాడు. కోపమొస్తే ఎవరినీ తిట్టడు, కొట్టు వెనక్కి వెళ్ళి సర్దిన మూటలే మళ్ళీ సర్దుతాడు. చూపులేని తల్లి పక్కన కూర్చుని వీధిలో మనుషుల గురించి చెప్తాడు. ఎవరూ రాకపోతే కల్పించి చెప్తాడు. అతనిలో ఒక లోపం ఉంది. చేసిన మంచిని కడుపులో దాచుకోలేడు. ఎవరో ఒకరికి చెప్పుకుంటేగాని నిద్రపట్టదు."

మీనాక్షమ్మ చేతిలో కరివేపాకు రెమ్మ ఆగిపోయింది. నలభై ఏళ్ళ అనుభవంలో ఇంత చక్కటి విచారణ ఆమె వినలేదు. పళ్ళెం ఉంది, కోపం ఉంది, ఎవరూ చూడనప్పుడు చేసే పని ఉంది, అన్నిటికన్నా ముఖ్యం, లోపం కూడా ఉంది. లోపం చెప్పారంటే నిజమన్నమాట. ఇది తెచ్చింది ఎవరు? పిల్ల చేతిలో కాగితం టీచరమ్మ ఇచ్చింది. టీచరమ్మ తమ ఇంట్లో రోజూ తింటుంది, నివేదిత సంగతి ఎరుగును.

మరి నేరుగా అడగొచ్చు కదా అంటారు. అడగరు. వాళ్ళల్లో సంబంధం అన్న మాట మొదట ఎవరి నోట్లోంచి వస్తే వాళ్ళు మెట్టు దిగినట్టు. మనిషి గురించి ఊరికే చెవిన పడేస్తారు. చెవిన పడ్డవాళ్ళు ఊరికే విన్నట్టుంటారు. పిల్లల ముందు అసలు కదపరు.

అందుకని మీనాక్షమ్మ కరివేపాకు దూస్తూనే అడిగింది. "పవీ, ఆయప్పకి పెండ్లయిందా?"

"లేదవ్వా. కడవరకూ కాలేదు," అంది పవిత్ర, కథ చివరి పేజీ తలుచుకుంటూ.

"పాపం," అంది మీనాక్షమ్మ, మహా సంతోషంగా.

ఆ రాత్రే తలుపేసుకుని వేలూరుకి ఫోను చేసి నివేదితకు విన్నది విన్నట్టు ఒప్పజెప్పింది. ఎవరు మంచివాడన్నా నమ్మని నివేదిత అంతా విని, "వాళ్ళమ్మకి లేనోళ్ళ గురించి చెప్తాడా?" అని మళ్ళీ అడిగింది. తర్వాత, "సరే అవ్వా. చూద్దాం," అంది. పదకొండు సంబంధాల్లో ఒక్కసారి కూడా రాని మాట అది. మీనాక్షమ్మకు ఆ రాత్రి కన్నీళ్ళొచ్చాయి.

మర్నాడు రంజని భోజనానికి వెళ్తే అరిటాకు, వడ, పాయసం. ఇవాళేం పండగ అనుకుంటూ కూర్చుంది.

"టీచరమ్మా," అంది మీనాక్షమ్మ, గోడవైపు చూస్తూ. "ఒడుగత్తూరు చెంగల్రాయుడి సంగతి మా పవిత్ర చదవతా ఉంటే సుమ్మా ఊరికే చెవిన పడింది."

రంజని ముఖం విప్పారింది. "విన్నారామ్మా? ఎట్ల ఉండాది?"

"మనిషి నచ్చినాడు."

"నాకూ శానా ఇష్టమమ్మా ఆయనంటే."

"మీకు బాగా తెలుసునా?"

"నాలుగేండ్లుగా తెలుసు గదమ్మా."

"ఆ అబద్ధాలు చెప్పేది..."

"వాళ్ళమ్మ కోసరమే. ఇంకెవురి దగ్గరా ఆడడు. ఆడినట్టు యాడా లేదు."

మీనాక్షమ్మ తృప్తిగా ఇంకో వడ వేసింది. "ఇంకా ఎవురన్నా ఉండారా, ఆయప్ప ఎనకాల?"

"ఎవురన్నానా? పది మందీ ఆయన మిందనే ఉండారమ్మా! శనివారం సంఘం పెద్దోళ్ళ ముందర తేలిపోతాది, ఎవురు బాగా పట్టినారో."

పాయసం గరిట గిన్నెలో జారి పడింది. రంజని గమనించలేదు. అక్షరం రాని ముసలావిడ పాఠాన్ని ఇంత శ్రద్ధగా పట్టించుకుందే అని పొంగిపోతూ, రెండోసారి పాయసం వేయించుకుని బడికి వెళ్ళిపోయింది.

గంటలో కన్నన్ కిరాణా అంగడి కట్టేసి ఒడుగత్తూరు బయల్దేరాడు. పది ఇళ్ళవాళ్ళు పోటీలో ఉండగా కూర్చుంటే ఎలా? సాయంత్రానికి తిరిగొచ్చి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ చెప్పాడు: "అమా, ఆ ఊళ్ళో చెంగల్రాయుళ్ళు ముగ్గురుండారు. ఒకాయనకి డెబ్బై. ఇంకొకాయన టైలరు, ముగ్గురు పిల్లోళ్ళు. మూడో ఆయప్ప ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీకి పోతాడు. వాళ్ళమ్మకి కండ్లు బాగుండాయి. నన్ను వీధి చివరనించే చూసి ఎవురు కావాలని కేకేసె."

"చింతపండు కొట్లోళ్ళను అడిగినావా?"

"అడిగినా. అట్లాంటోడు మా ఊళ్ళో లేడన్నారు. ఆడ సుబ్బరాయులు మామ గూడా తిరగతా ఉండాడు. ఏం మామా అంటే, పనసపండు కోసరం వచ్చినా అన్నాడు."

మీనాక్షమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. సుబ్బరాయులికి మేఘన అని పెళ్ళీడు కూతురుంది. దీపన్ వాళ్ళింట్లోనూ గట్టిగా చదువుతున్నాడన్నమాట. "దాస్తా ఉండార్రా," అని తేల్చేసింది. "అంత మంచి పిల్లోడుంటే ఆ ఊరోళ్ళు ఊరికే చూపిస్తారా."

శనివారం వచ్చింది. మామూలుగా సంఘం పెద్దలు పది గంటలంటే పదకొండున్నరకి వస్తారు, వచ్చి కాఫీ అడుగుతారు. ఆ రోజు తొమ్మిదిన్నరకే ఆరుగురూ తెల్లపంచెల్లో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. కాఫీ వద్దన్నారు. సంఘంలో సభ్యత్వం లేని మీనాక్షమ్మ కూడా పట్టుచీరలో వచ్చి కిటికీ పక్క బెంచీమీద కూర్చుంది. సాహిత్యం మీద ఇంత ఆసక్తి తను ఎక్కడా చూడలేదని రంజని అనుకుంది. ఈ గంట గడిస్తే తెలుగు ఉంటుంది, లేకపోతే పోతుంది.

పవిత్ర చదివింది. భువన్ చదివాడు. పెద్దలు రెప్పవేయకుండా విన్నారు. దీపన్ చదవడం ముగించాక సుబ్బరాయులు గొంతు సవరించుకున్నాడు. "మంచిది. కొట్టు సొంతమా, బాడిగా?"

"నేరుగా చెప్పలేదు సార్," అంది పవిత్ర. "కానీ వెనకవైపు గోడ కొట్టి తలుపు పెట్టించినాడు గదా. సొంతం కాకపోతే గోడ కొట్టనిస్తారా?"

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలాడించారు. రంజని మురిసిపోయింది. ఉన్నదాన్నిబట్టి లేనిది ఊహించడం! ఎం.ఏ.లో కూడా కొందరికి చేతకాదు.

"తల్లిని చూసుకునేదానికి ఇంకెవురన్నా ఉండారా?" ఇంకో పెద్దాయన.

"ఎవురూ లేరు తాతా. ఆయనొకడే," అన్నాడు భువన్.

"వచ్చే పిల్ల మిందనే పడతాది," అని గొణిగాడు పెద్దాయన. ఏ పిల్లో రంజనికి అర్థం కాలేదు.

"అబద్ధం ఒకతూరి అలవాటైతే పెండ్లాం దగ్గర ఆడడని ఏం నమ్మకం?" సుబ్బరాయులు ముందుకు వంగాడు.

పవిత్రకు కోపమొచ్చింది. "ఆయన సుఖం కోసరం ఆడలేదు సార్. రోజంతా కొట్టులో నిలబడి వచ్చి, అలిసిపోయి గూడా కూర్చుని చెప్తాడు. ఆడింది చూడకూడదు, ఎందుకాడినాడో చూడాల."

"అట్ల చెప్పు!" అని కిటికీ పక్క నుంచి మీనాక్షమ్మ కేకేసింది.

సుబ్బరాయులు ఇక ఆగలేకపోయాడు. జేబులోంచి పెన్ను తీశాడు. "సరే. గోత్రమేంది?"

పిల్లలు రంజని వైపు చూశారు. దీపన్ లేచి, నిజాయితీగా చెప్పాడు: "గోత్రం పాఠంలో ఇవ్వలేదు పెదనాయనా."

"యా పాఠంలో?"

"ఆరో పాఠంలో."

అరిటాకు, వడ, పాయసం, పట్టుచీర, కొట్టు సొంతమా బాడిగా, అన్నీ ఒక్కసారి వచ్చి రంజని నెత్తిమీద పడ్డాయి. వాచకం తెరిచి రెండు చేతులా పైకెత్తి చూపించింది. "ఇదండీ. కథ. చెంగల్రాయుడు కథలో మనిషి."

చివరి వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. దీపన్ పెదవులు బిగించి, భుజాలు వణికిపోతూ, బెంచీ కిందికి వంగి పోగొట్టుకోని పెన్సిలు వెతకసాగాడు.

"అంటే... లేడా?" అంది మీనాక్షమ్మ. ఆ గొంతు వింటే రంజనికి ఏడుపొచ్చింది.

"లేడమ్మా."

సుబ్బరాయులు లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డయింది. "ఏందమ్మా ఈ ఆట? సంఘం పెద్దోళ్ళను కూర్చోబెట్టి లేని మనిషి గురించి చెప్పిస్తావా? దీనికా మేము ఒక పీరియడ్ ఇచ్చింది? జూన్ ఏంది, సోమవారం నించే ఈ తెలుగు..."

"కూర్చో నాయనా," అంది మీనాక్షమ్మ.

ఆమె లేవలేదు, గొంతు పెంచలేదు. సుబ్బరాయులు మాత్రం ఆగాడు.

"నేను మోసపోయినా. ఒప్పుకుంటా. నలభై ఏండ్లుగా విచారిస్తా ఉండా, నన్ను మోసం చేసిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఈ పిల్లోళ్ళు చేసినారు. పేపరు మింద రాసిన మనిషిని మా ఇంట్లోకి నడిపించుకోని వచ్చినారు. చిలక పలుకులకి నేను పట్టుచీర కట్టుకోని వస్తానా అప్పా?"

"అక్కా, నీ సంగతి వేరే. సంఘం అనేది..."

"సంఘం సంగతే చెప్తా ఉండా. మొన్న బుధవారం ఒడుగత్తూరు చింతపండు కొట్ల కాడ నీకేం పని?"

"పనసపండు కోసరం పొయినా."

"కార్తీకంలోనా?"

మిగతా ఐదుగురు పెద్దలూ కిటికీ బయటికి, పైకప్పు వైపుకి, తమ చెప్పుల వైపుకి చూడసాగారు. ఒక్కరైనా సుబ్బరాయుల్ని చూసి నవ్వలేదంటే, ఒడుగత్తూరు బస్సు ఇంకెంతమంది ఎక్కారో తెలిసిపోయింది.

సుబ్బరాయులు నెమ్మదిగా కూర్చున్నాడు. చేతిలో పెన్ను ఉండనే ఉంది. సంఘం రిజిస్టరు తెప్పించి, తెలుగు పీరియడ్ ఎప్పటిలాగే ఉండవలెనని తమిళంలో రాసి, మాట్లాడకుండా సంతకం చేశాడు. ఐదుగురూ ఎగబడి సంతకాలు పెట్టారు. అయితే సెక్రటరీ అన్నాక నాలుగు మాటలు చెప్పకుండా వెళ్ళకూడదు. లేచి, గడియారం వైపు చూస్తూ అన్నాడు: "మన రంజని టీచరు ఉత్తమురాలు. దయాగుణము కలది. పెద్దల యెడ భక్తి, చిన్నల యెడ ప్రేమ చూపునది. ఈమె జీవితము మనకందరికీ ఆదర్శప్రాయము."

దీపన్ ఇంట్లో బట్టీ పట్టిందంతా పెదనాన్న చెవిన పడిందని రంజనికి ఇప్పుడు అర్థమైంది.

"ఫ్రీ సైజు," అన్నాడు దీపన్ బెంచీ కింద నుంచి.

అందరూ వెళ్ళిపోయాక కూడా మీనాక్షమ్మ కిటికీ పక్క నుంచి కదల్లేదు. రంజని వెళ్ళి పక్కన కూర్చుంది. క్షమించమని అడగబోయింది.

"నివేదితకి ఏం చెప్పేది నేను?" అంది ముసలావిడ. "అది మొదటితూరి సరే అనింది."

"నేను చెప్తానమ్మా."

"వద్దులే. నేనే చెప్తా. నవ్వతాది. నవ్వనీ." చెయ్యి చాపింది. "ఆ పుస్తకం ఇట్ల ఇయ్యి. యాడుండాడు?"

రంజని ఆరో పాఠం తీసి, మొదటి వాక్యంలో పేరు మీద వేలు పెట్టింది. మీనాక్షమ్మ ఆ వేలు పక్కనే తన వేలు పెట్టింది. అక్షరాల మీద ఇటునుంచి అటు ఒకసారి మెల్లగా నడిపించింది.

"ఇదేనా?"

"ఇదేనమ్మా. చెంగల్రాయుడు."

"ఇంతేనా ఉండాడు," అంది మీనాక్షమ్మ. "నేను ఇంకా పెద్దగా ఉంటాడనుకుంటి."

రంజని కళ్ళు తుడుచుకుంది. మీనాక్షమ్మ పుస్తకం మూసింది, మళ్ళీ తెరిచింది, అట్టను వెనక్కి తిప్పి చూసింది. ఆమె ముఖంలో ఏదో మారింది. రంజని ఆ చూపు ఎరుగును. చారు గరిట ఎత్తి పట్టుకున్నప్పుడు ఉండే చూపు అది.

"ఇంత తెలిసి రాయాలంటే, చూడకుండా రాసుంటారా? యాడో చూసే రాసుండాల. ఇది రాసినాయన యా ఊరు?"

"రాసింది ఆడమనిషమ్మా. వేలూరే. పెద్దావిడ, ఇప్పుడు చూపు సరిగ్గా లేదని విన్నాను."

మీనాక్షమ్మ లేచి నిలబడి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"అయితే ఆమెకి కొడుకుండాడేమో కనుక్కో."